బరంపురంలో పెద్ద సంగీత కచేరీకి బందోబస్తు: మొదటి మీటింగు నుంచి ఆఖరి బస్సు దాకా

"విదేశీ బ్యాండు ఒకటి వస్తానంటోంది. గోపాలపూర్‌ దగ్గర పెడదామనుకుంటున్నాం. ఎంతమంది బౌన్సర్లు కావాలి, అన్నా?" ఈ మధ్య బరంపురం నుంచి, ఇచ్ఛాపురం నుంచి, పర్లాకిమిడి నుంచి కూడా ఇదే ప్రశ్న. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పలేక ఇది రాస్తున్నాను.

బౌన్సర్ల లెక్క ఆఖర్న వస్తుంది. ముందు మైదానంలో ఎంతమంది పడతారో తేలాలి. ఆ తర్వాత వాళ్ళు బయటికి వెళ్ళే దారి, ఆ తర్వాతే లోపలికి వచ్చే దారి. ఈ వరస తిరగబడితే ఎన్ని లక్షలు పోసి గార్డుల్ని పెట్టినా లాభం లేదు.

లెక్క అర్థం కావడానికి ఒక ఉదాహరణ పెట్టుకుందాం. గోపాలపూర్‌ రోడ్డు మీద 120 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పు ఉన్న ఖాళీ మైదానం. రెండు మూడు విదేశీ బృందాలు, సాయంత్రం కచేరీ, జనం నిలబడి చూసే పద్ధతి.

1. తేదీ, చోటు ఖాయం చేసేముందు

అక్టోబరు వద్దు. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న గోపాలపూర్‌ దగ్గరే తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస వైపు దాటింది. మన తీరానికి ఆ నెలతో ఏదో పాత బాకీ ఉన్నట్టుంది. డిసెంబరు మధ్య నుంచి జనవరి ఆఖరు దాకా అన్నిటికంటే నయం.

ఇసుక తీరం మీదే పెట్టాలని కుర్రాళ్ళు ముచ్చటపడతారు. నేను ఒప్పుకోను. ఇసుకలో స్ట్రెచర్ నడవదు, అంబులెన్సు దిగబడుతుంది, జనం పరుగెత్తలేరు, ఒకవైపు సముద్రమే కాబట్టి ఒక దారి ముందే పోయినట్టు. పైగా తీరప్రాంత నిబంధనలు, అటవీ శాఖ వ్యవహారం. రుషికుల్యా మొగ దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టే జిల్లా మనది. సముద్రం వైపు లైట్లు కొడతామంటే అడిగేవాళ్ళుంటారు, అడగాలి కూడా.

మైదానం చూడ్డానికి మూడుసార్లు వెళ్ళండి: ఒకసారి పగలు, ఒకసారి రాత్రి, ఒకసారి వాన పడిన మర్నాడు. చూడాల్సినవి:

- నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయి
- కరెంటు తీగలు తల మీదుగా పోతున్నాయా
- మురుగు కాలవ మూతలు బరువు ఆపుతాయా
- ప్రహరీ గోడ ఉంటే, జనం ఆనుకుంటే పడిపోయేలా ఉందా
- చుట్టూ ఎత్తయిన లాడ్జీలు, మేడలు ఎన్ని, ఎవరివి

ఆఖరిది అనవసరం అనుకోకండి. 2017 అక్టోబరు 1న లాస్ వేగాస్‌లో సంగీతోత్సవం మీద కాల్పులు జరిగింది పక్కనే ఉన్న హోటల్ పై అంతస్తు గదిలోంచి. మన దగ్గర ఆ స్థాయి ముప్పు ఉందని కాదు. కానీ మేడ మీద ఎవరు నిలబడతారో తెలిసి ఉండటం పోలీసులకు ఎంతో ఉపయోగం. ఉచితంగా చూద్దామని పిట్టగోడల మీద ఎక్కే జనం సంగతి మాత్రం మనందరికీ తెలిసిందే.

2. మైదానంలో ఎంతమంది పడతారు

120 × 100 అంటే 12,000 చదరపు మీటర్లు. ఇక్కడే చాలామంది కాలు జారతారు. మొత్తాన్ని జనంతో నింపేస్తారు. అందులోంచి తీసేయాల్సినవి తీసేయండి:

- స్టేజీ, వెనక భాగం: 1,800
- సౌండ్ కన్సోల్, లైట్ల టవర్లు: 300
- తిండి స్టాళ్ళు, మరుగుదొడ్లు: 1,200
- అంబులెన్సు దారి, వైద్య శిబిరం: 1,000
- స్టేజీ కనపడని మూలలు: 700

మిగిలింది 7,000. చదరపు మీటరుకు ఇద్దరు చొప్పున 14,000 మంది. ఈ 14 వేలల్లోనే టికెట్లు, పాసులు, స్పాన్సర్ల బంధువులు, కార్పొరేటర్ గారి బావమరిది, డ్యూటీ పోలీసులు, వాలంటీర్లు అందరూ రావాలి. పాసుల్ని లెక్కలోకి తీసుకోకపోవడం మన ప్రాంతపు జబ్బు. మందు ఒకటే: పాసుకి కూడా టికెట్లాగే బార్‌కోడ్ ఉండాలి, గేటు దగ్గర స్కాన్ అవ్వాలి.

కనపడని మూలలు ఎందుకు తీసేయాలంటే, అక్కడ ఎవరూ నిలబడరు. కనపడే చోటికి జరుగుతారు. కాగితం మీద ఇద్దరున్న చోట నిజంగా నలుగురవుతారు.

చదరపు మీటరుకు నలుగురంటే భుజాలు తగులుతాయి, అయినా మనిషి తన ఇష్టం మీద కదలగలడు. ఆరుగురు దాటితే కాళ్ళు మన మాట వినవు. గుంపు అలలాగా ఊగుతుంది. అప్పుడు జనం పోయేది ఎక్కువగా కాళ్ళ కింద పడి కాదు, నిలబడే ఊపిరాడక. 2021 నవంబరు 5న హ్యూస్టన్‌లో ఆస్ట్రోవరల్డ్ సంగీతోత్సవంలో పదిమంది చనిపోయింది ఇలాంటి ఒత్తిడి వల్లే.

కొలవడానికి నేను చేసే పని ఇది. కచేరీకి ముందు రోజు, మైదానం ఖాళీగా ఉన్నప్పుడు, సీసీ కెమెరాల్లో కనపడే ఐదారు చోట్ల ముగ్గుతో 2 మీటర్ల చదరం గీయిస్తాను. కంట్రోల్ రూము తెర మీద అదే చదరం చుట్టూ మార్కరు పెన్నుతో గీత. ముగ్గు చెరిగిపోయినా తెర మీద గీత ఉంటుంది, కెమెరాని మాత్రం కదపకూడదు. కూర్చున్న మనిషి పది నిమిషాలకోసారి ఆ గీతలో తలలు లెక్కపెడతాడు. ఎనిమిది దాకా ఫర్వాలేదు. పన్నెండు వస్తే సూపర్‌వైజరుకి చెప్పాలి. పదహారు వస్తే ఆ భాగంలోకి జనాన్ని ఆపేయాలి. ఇరవై రూపాయల మార్కరు, నిద్రపోని మనిషి ఒకడు ఉంటే చాలు.

3. ముందు బయటికి దారి

సమతలం మీద ఒక మీటరు వెడల్పు దారిలో నిమిషానికి 82 మంది వెళ్ళగలరని బ్రిటన్ స్టేడియం భద్రతా ప్రమాణం. మన మైదానం గడ్డి, గుంటలు, రాత్రి వేళ, చెప్పులు చేత్తో పట్టుకున్న జనం. నేను 60కి మించి వేసుకోను.

ప్రమాద సమయంలో 8 నిమిషాల్లో అందరూ బయటపడాలంటే నిమిషానికి 1,750 మంది కదలాలి. 60తో భాగిస్తే 29 మీటర్ల పైచిలుకు. 5 మీటర్ల గేట్లయితే ఆరు. అన్నిటికంటే ముఖ్యమైన గేటు దగ్గరే మంటో గొడవో వచ్చిందనుకోండి, అది పోయినట్టే. కాబట్టి ఏడు. ఏడూ ఒకే వైపు ఉంటే ఏడున్నా ఒకటున్నా ఒకటే, కనీసం మూడు వైపులా పంచాలి.

2010 జులై 24న జర్మనీలోని డ్యూస్‌బర్గ్‌లో లవ్ పరేడ్‌లో వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ ఒకే ర్యాంపు. 21 మంది పోయారు. వచ్చే జనం, వెళ్ళే జనం ఎదురెదురు పడే చోటు మీ పటంలో ఒక్కటున్నా ఆ పటం చించేసి మళ్ళీ గీయండి.

సొంత అనుభవం ఒకటి. కొన్నేళ్ళ కిందట ఓ కార్యక్రమంలో వెనక గేటు మీద 'అత్యవసర ద్వారం' అని ఒడియాలో, తెలుగులో చక్కటి బ్యానరు కట్టాం. సన్నగా చినుకులు మొదలవగానే జనం అటు తిరిగారు. గేటుకి తాళం. తాళంచెవి షామియానా వాళ్ళ కుర్రాడి జేబులో, కుర్రాడేమో బిర్యానీ తినడానికి పోయాడు. వాడు దొరికేదాకా పదకొండు నిమిషాలు. నేను గేటు ఇవతల నిలబడి ముందు వరసలో ఉన్న ఒక పెద్దావిడ మొహం చూస్తూ ఉన్నాను. దేవుడి దయ వల్ల వాన ఆగింది. అప్పట్నుంచి నా దగ్గర పద్ధతి ఇది:

- జనం లోపల ఉన్నంతసేపూ అత్యవసర గేటుకి తాళం ఉండకూడదు. గొళ్ళెం, దాని దగ్గర మనిషి, అంతే
- ఆ మనిషికి తిండి అక్కడికే వెళ్తుంది
- తలుపు బయటికి తెరుచుకోవాలి
- గేటు అవతల 20 మీటర్ల దాకా బండి, బజ్జీల బండి, జనరేటరు ఏదీ ఉండకూడదు
- గేటు మీద లైటుకి వేరే బ్యాటరీ

4. లోపలికి దారి, తనిఖీ

తలుపులు మూడు గంటల ముందు తీసినా జనం అప్పుడే రారు. ఆఖరి గంటన్నరలో 9,000 మంది వస్తారనుకోండి. నిమిషానికి వంద. డోర్ ఫ్రేమ్ మెటల్ డిటెక్టరు, సంచి తనిఖీ, టికెట్ స్కాన్ కలిపి ఒక లైనులో నిమిషానికి ఎనిమిది మంది అని నేను వేసుకుంటాను. 13 లైన్లు. యంత్రం మొరాయిస్తుంది, మనిషి మాయమవుతాడు, అందుకని రెండు కలిపి 15. ఆడవాళ్ళ తనిఖీకి ఆడవాళ్ళే ఉండాలి. మన దగ్గర కుటుంబాలతో వస్తారు కాబట్టి 15లో కనీసం ఆరు ఆడవాళ్ళకి.

టికెట్ చూసే చోటు, సంచి చూసే చోటు ఒకటి కాకూడదు. గేటుకి 50 మీటర్ల అవతలే టికెట్ ఉందా లేదా చూసేయండి. లేనివాడు గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగితే ఆ ఒక్కడి వల్ల లైనంతా ఆగుతుంది.

2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం దగ్గర 11 మంది పోయింది లోపల కాదు, బయట. ఉచిత ప్రవేశమా, పాసులా అన్నది జనానికి తేలలేదు. కాబట్టి 'గేటు దగ్గర టికెట్లు దొరుకుతాయి' అని పొరపాటున కూడా ప్రచారం చెయ్యొద్దు. అయిపోతే అయిపోయాయని ఒడియా, తెలుగు రెండు భాషల్లోనూ ముందు రోజే చెప్పేయండి. ఇచ్ఛాపురం, సోంపేట వైపు కుర్రాళ్ళు తెలుగు పోస్టులే చూస్తారు.

2023 నవంబరు 25న కొచ్చి విశ్వవిద్యాలయంలో కచేరీ మొదలుకాకముందే వాన పడింది. బయట ఉన్నవాళ్ళు తల దాచుకోవడానికి ఒక్కసారిగా లోపలికి తోసుకొచ్చారు, మెట్ల మీద నలుగురు పోయారు. వానకి గొడుగు లేని జనం ఎటు పరుగెడతారో ముందే ఊహించండి. లైన్ల మీద రేకులో టార్పాలినో వేయించండి. గేటు దాటగానే కిందికి దిగే మెట్లు గానీ వాలు గానీ ఉండకూడదు.

ఇక హెల్మెట్లు. గంజాం కుర్రాళ్ళు సగం మంది బండి మీదే వస్తారు. హెల్మెట్ లోపలికి వద్దంటారు మీరు, వాడు గేటు దగ్గర వాదిస్తాడు, వెనక వంద మంది ఆగుతారు. పార్కింగ్ దగ్గరే టోకెన్లిచ్చి హెల్మెట్లు దాచే స్టాండు పెట్టండి. ఖర్చు తక్కువ, గొడవ సగం తగ్గుతుంది. స్టీలు నీళ్ళ సీసాలదీ ఇదే కథ. సీసా వద్దన్నప్పుడు లోపల నీళ్ళు ఉచితంగా ఇవ్వాలి. ఇవ్వకపోతే ఏడు గంటలకల్లా కళ్ళు తిరిగి పడేవాళ్ళు మొదలవుతారు.

వాహనాలు జనం లైన్ల మీదికి దూసుకురాకుండా రోడ్డుకి అడ్డంగా ఇసుక నింపిన టిప్పర్లు పెట్టించండి. 2016 జులై 14న ఫ్రాన్సులోని నీస్‌లో లారీ గుంపులోకి దూసుకొచ్చి 86 మంది పోయారు. ప్లాస్టిక్ కోన్లు లారీని ఆపవు. అంబులెన్సు వస్తే పక్కకి తీయడానికి ఒక టిప్పరు డ్రైవరు స్టీరింగు దగ్గరే ఉండాలి.

5. స్టేజీ ముందు

మన ఊళ్ళో బారికేడ్ అంటే సరుగుడు బాదులు పాతి అడ్డంగా కట్టేయడమే. ఠాకురాణి యాత్రకి దర్శనం లైన్లకి అది చాలు. స్టేజీ ముందుకి పనికిరాదు. ఐదు వేల మంది తోస్తే బాదు విరుగుతుంది, విరిగిన ముక్క పొడుచుకుంటుంది.

స్టేజీ ముందుకి కావాల్సింది ఇంగ్లీషు 'A' అక్షరం ఆకారంలో మడత పెట్టే ఇనప బారియరు. దాని అడుగు పళ్ళెం మీద జనమే నిలబడతారు, వాళ్ళ బరువే దాన్ని పట్టి ఉంచుతుంది. బరంపురంలో దొరక్కపోతే భువనేశ్వర్ నుంచో విశాఖ నుంచో అద్దెకి తెప్పించండి. లైట్లు నాలుగు తగ్గించుకునైనా ఇది తెప్పించాలి.

బారియరుకీ స్టేజీకీ మధ్య కనీసం రెండు మీటర్ల ఖాళీ. అందులో ఫొటోగ్రాఫర్లు గుంపు కట్టకూడదు. అక్కడి మనుషులు జనం వైపు తిరిగి నిలబడాలి, పాట వైపు కాదు. చెప్పడం తేలికే గానీ కుర్రాడు ఐదు నిమిషాలకోసారి వెనక్కి తిరుగుతాడు. అందుకని పాటలంటే పిచ్చి ఉన్నవాణ్ణి అక్కడ పెట్టకండి.

మైదానాన్ని అడ్డంగా రెండో బారియరుతో ముందు భాగం, వెనక భాగం అని విడదీస్తే వెనకాల తోపు ముందు వరస దాకా చేరదు. ముందు భాగానికి రిస్ట్‌బ్యాండు రంగు వేరు.

వీఐపీలకి ముందు కుర్చీలు వేయడం తప్పదంటే, వరసలోని కుర్చీలన్నీ ఒకదానికొకటి తాడుతో కట్టించండి. విడి ప్లాస్టిక్ కుర్చీ తిరగబడితే కాళ్ళకి వల.

6. అనుమతులు, పోలీసులతో మొదటి మీటింగు

కనీసం మూడు నెలల ముందు మొదలెట్టండి. బయటివాళ్ళకి తెలియని చిక్కు ఒకటుంది. కలెక్టరేట్ ఛత్రపురంలో, గోపాలపూర్‌ చూసే ఎస్పీ ఆఫీసు బరంపురంలో. గంజాం పోలీసు జిల్లా వేరు, బరంపురం పోలీసు జిల్లా వేరు. దరఖాస్తు ఒకచోట ఇచ్చి రెండోచోట వాళ్ళే చూసుకుంటారులే అనుకుంటే నెల పోతుంది. మున్సిపల్ కార్పొరేషన్ హద్దులో అయితే ఒక దారి, గోపాలపూర్‌ ఎన్‌ఏసీ (చిన్న పట్టణాల పాలక మండలి) అయితే ఇంకో దారి.

- సబ్-కలెక్టరు, ఎస్పీ, ఫైర్ సర్వీసు, విద్యుత్ ఇన్‌స్పెక్టరు, ఆరోగ్య శాఖ
- స్టేజీ, టవర్ల గట్టిదనం మీద ఇంజనీరు సర్టిఫికెట్
- మైకు అనుమతి: 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు ఆపాలి. ప్రత్యేక సడలింపు చేతికి రాకపోతే 9:45కే ఆఖరి పాట అయిపోయేలా పెట్టుకోండి
- సెక్యూరిటీ ఏజెన్సీ లైసెన్సు: ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల 2005 చట్టం కింద ఇది రాష్ట్రానికి ఒకటి. విశాఖ ఏజెన్సీకి ఆంధ్రా లైసెన్సు ఉంటే ఒడిశాలో చెల్లదు
- డ్రోన్లు: గోపాలపూర్‌లో సైన్యం ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది. పెళ్ళి వీడియోల కుర్రాణ్ణి పిలిచి డ్రోను ఎగరేయించకండి. డిజిటల్ స్కైలో (ప్రభుత్వ డ్రోన్ల వెబ్‌సైటు) ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూసి, పోలీసులకి రాసిచ్చి, అప్పుడు
- వాకీటాకీలు: ఆన్‌లైన్లో దొరికే ప్రతిదీ చట్టబద్ధం కాదు. అనుమతి ఉన్నవే అద్దెకి తీసుకోండి

మొదటి మీటింగుకి పెద్ద పటం తీసుకెళ్ళండి. పోలీసు అధికారులు పవర్‌పాయింట్ చూడరు, పటం మీద వేలు పెట్టి అడుగుతారు. బందోబస్తు రూటు, పార్కింగ్, రోడ్డు మూసే సమయాలు అప్పుడే రాసుకోవాలి. సరిహద్దు అవతల నుంచి జనం వస్తారు కాబట్టి శ్రీకాకుళం జిల్లా పోలీసులకి కూడా కబురు వెళ్ళాలని అక్కడే అడగండి.

బాంబు స్క్వాడు, గూఢచారి సమాచారం, బెదిరింపు కాల్స్ పోలీసుల పని. మీ పని కాల్ ఎత్తినవాడు అక్షరం పొల్లుపోకుండా రాసుకుని వెంటనే వాళ్ళకి చెప్పడం. ఖాళీ చేయించాలా వద్దా అన్నది మీ అంతట మీరు తేల్చకండి. ఎవరిదో తెలియని సంచి కనపడితే ముట్టుకోవద్దు, దాని పక్కన నిలబడి వాకీటాకీలో మాట్లాడొద్దు. జనాన్ని జరిపి దూరంగా వచ్చి చెప్పాలి.

7. మనుషులు, కంట్రోల్ రూము

ఇప్పుడు బౌన్సర్లు. కండలు చూసి తీసుకోకండి. గుంపుని చూడ్డంలో శిక్షణ ఉన్నవాళ్ళు 250 మందికి ఒకరు చొప్పున ఉండాలని అమెరికా అగ్నిమాపక ప్రమాణం. 14,000 మందికి 56. దీని మీద తనిఖీ లైన్ల వాళ్ళు, గేటు మనుషులు, పార్కింగ్ వాళ్ళు అదనం. ఒడియా, తెలుగు రెండూ మాట్లాడేవాళ్ళు ప్రతి గేటుకీ కనీసం ఒకరు. బరంపురంలో అలాంటివాళ్ళకి కొదవ లేదు, వీధికి పదిమంది దొరుకుతారు.

కంట్రోల్ రూము స్టేజీ వెనక పెట్టొద్దు, అక్కడ ఏమీ వినపడదు. పోలీసు, ఫైర్, వైద్యం, సౌండ్, నిర్వాహకుడు ఐదుగురూ ఒకే గదిలో ఉండాలి. ఫోన్లో అందుబాటులో ఉంటానన్నవాడు లేనట్టే లెక్క. ఎందుకంటే ఎనిమిది గంటలకి నెట్‌వర్క్ ఉండదు.

గోడకి పటం. పటం మీద గళ్ళు, గళ్ళకి నంబర్లు. 'స్టేజీ దగ్గర ఒకావిడ పడిపోయింది' అంటే ఎవరికీ అర్థం కాదు, 'సీ-4లో' అంటే అందరికీ అర్థమవుతుంది. ఒకరు కూర్చుని ప్రతి కబురూ టైముతో సహా రాయాలి. కంప్యూటరు వద్దు, లాంగ్ బుక్కు చాలు.

8. పాట ఎవరు ఆపిస్తారు

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. ముందు వరసలో ఊపిరాడట్లేదని తెలిసినా, విదేశీ గాయకుణ్ణి ఆపమని చెప్పడానికి అందరికీ మొహమాటం. నిర్వాహకుడు మేనేజరు వైపు చూస్తాడు, మేనేజరు సౌండ్ ఇంజనీరు వైపు చూస్తాడు. ఈలోగా ఇంకో పాట అయిపోతుంది.

కాంట్రాక్టులోనే రాయించండి: పలానా ఇద్దరిలో ఎవరు చెప్పినా, కారణం అడక్కుండా, ప్రదర్శన ఆగుతుంది. ఆ ఇద్దరి ఫొటోలు సౌండ్ కన్సోల్ దగ్గర అంటించండి. బృందం మేనేజరుతో కచేరీ రోజు మధ్యాహ్నం ఒకసారి నడిపి చూపించండి.

వరస ఇది:

1. కంట్రోల్ రూము నుంచి కన్సోల్‌కి ముందే అనుకున్న సంకేత పదం
2. శబ్దం మెల్లగా తగ్గాలి, ఒక్కసారిగా కోసేస్తే జనం ఉలిక్కిపడతారు
3. మైదానం లైట్లు వెలగాలి, స్టేజీ లైట్లు తగ్గాలి
4. కళాకారుడు ఒక్క వాక్యం: నిలబడండి, ఒక అడుగు వెనక్కి
5. రికార్డు చేసిన ప్రకటన ఒడియాలో, తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో
6. ముందు వరసలోంచి పడిపోయినవాళ్ళని బారియరు మీదుగా బయటికి
7. మళ్ళీ మొదలుపెట్టాలా వద్దా: పోలీసు, వైద్యం ఇద్దరూ సరేనంటేనే

తెలుగు ప్రకటన నేను ఇలా రికార్డు చేయిస్తాను: "అందరికీ నమస్కారం. కాసేపు పాట ఆపాం. ముందున్నవాళ్ళకి కొంచెం చోటు కావాలి. వెనకున్నవాళ్ళు రెండడుగులు వెనక్కి వెయ్యండి. చిన్నపిల్లలుంటే ఎత్తుకోండి. అక్కడే నిలబడండి, మళ్ళీ చెప్తాం." ఇందులో 'తొక్కిసలాట', 'ప్రమాదం', 'పరుగెత్తొద్దు' లాంటి మాటలు లేవు, గమనించండి. పరుగెత్తొద్దు అనగానే జనానికి వినపడేది పరుగెత్తడమే. వెనకవాళ్ళకి ముందు చెప్పాలి, ఎందుకంటే ముందువాళ్ళు కదలాలన్నా కదల్లేరు.

మైకు జనరేటరు ఆగిపోయినా ప్రకటన వినపడాలి. బ్యాటరీ మెగాఫోన్లు గేటుకి ఒకటి.

9. విదేశీ బృందాలు

ఇది క్లుప్తంగా. డబ్బు తీసుకుని పాడటానికి టూరిస్టు వీసా పనికిరాదు. సరైన వీసా కాపీ చేతికొచ్చాకే పోస్టరు వెయ్యండి. విదేశీయులు దిగిన 24 గంటల్లో వాళ్ళ వివరాలు హోటల్ వాళ్ళు ఆన్‌లైన్లో పంపాలి. ఇదివరకు సీ-ఫారం అని అందరికీ అలవాటైన పని, చిన్న హోటళ్ళు మర్చిపోతాయి, మీరే అడగండి. హోటల్ నుంచి స్టేజీకి రెండు రూట్లు ఉండాలి, ఏ రూటన్నది బయల్దేరేముందే తేల్చాలి. గది నంబర్లు వాలంటీర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.

10. వైద్యం, నిప్పు, పిడుగు

గోపాలపూర్‌ నుంచి బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ సుమారు 15 కిలోమీటర్లు. కచేరీ వదిలే వేళ ఆ రోడ్డు నిండిపోతుంది. అందుకే మైదానంలోనే డాక్టరు, ఆక్సిజన్, గుండెకి షాకిచ్చే ఏఈడీ యంత్రం ఉండాలి. ఎంకేసీజీకి వారం ముందే రాతపూర్వకంగా చెప్పండి. ముందు రోజు ఒక వాలంటీరుని స్ట్రెచరు మీద పడుకోబెట్టి బారియరు దగ్గర నుంచి శిబిరానికి మోయించి గడియారం చూడండి. నాలుగు నిమిషాలు దాటితే శిబిరాన్ని జరపండి.

జనరేటర్లు, డీజిలు పీపాలు జనానికి దూరంగా, మధ్యలో కంచె. కరెంటు మంటకి నీళ్ళు కొట్టకూడదు, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు స్టేజీకి రెండువైపులా ఉండాలి. షామియానా గుడ్డ దగ్గర బాణసంచా అసలు వద్దు.

మెరుపు కనపడ్డాక 30 సెకన్ల లోపు ఉరుము వినిపిస్తే ప్రదర్శన ఆపాలి. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ కంట్రోల్ రూములో ఒకరి ఫోన్లో తెరిచి ఉండాలి. గాలికి ఎంత వేగం వస్తే ఎల్‌ఈడీ తెర దించాలో స్టేజీ వేసినవాళ్ళని ముందే రాసివ్వమనండి.

11. జనం వెళ్ళేటప్పుడు

2017 మే 22న మాంచెస్టర్‌లో బాంబు పేలింది కచేరీ అయిపోయాక, జనం బయటికి వచ్చే హాల్లో. 22 మంది పోయారు. పాట అయిపోగానే మనవాళ్ళు కుర్చీల్లో కూలబడి టీ తాగుతారు. ఆఖరి మనిషి పార్కింగ్ దాటేదాకా ఎవరూ తమ చోటు వదలకూడదు. పిల్లల కోసం గేటు బయట కాసుక్కూర్చునే తల్లిదండ్రులకి వేరే వెలుతురున్న చోటు చూపించండి, గేటుకి అడ్డంగా కాదు.

- బరంపురం స్టేషను హౌరా–చెన్నై ప్రధాన మార్గంలోది. రాత్రి రైళ్ళ టైములు తెర మీద వెయ్యండి, రైల్వే పోలీసులకి సంఖ్య ముందే చెప్పండి
- ఇచ్ఛాపురం వైపు బస్సులు ఒక చోట, భువనేశ్వర్ వైపు బస్సులు ఇంకో చోట. రెండు గుంపులూ కలవకూడదు
- 16వ నంబరు జాతీయ రహదారి అంచున పార్కింగ్ వద్దు. చీకట్లో రోడ్డు దాటేవాళ్ళే నా పెద్ద టెన్షన్
- తప్పిపోయిన పిల్లల కోసం టేబులు ఆఖరి దాకా తెరిచి ఉండాలి. 1098 (పిల్లల సహాయం), 112 (అత్యవసరం) నంబర్లు దాని మీద రాసి ఉండాలి

మర్నాడు మధ్యాహ్నంలోగా అందర్నీ కూర్చోబెట్టి లాంగ్ బుక్కు ముందేసుకుని మాట్లాడండి. నాలుగో రోజుకి ఎవరికీ ఏదీ గుర్తుండదు. ఆ పుస్తకం, కెమెరా రికార్డింగు, గేట్ల స్కాన్ లెక్కలు ఒక కాపీ పోలీసులకి, ఒక కాపీ మీ దగ్గర. ఎవరూ తీసుకెళ్ళని హెల్మెట్లు ఎలాగూ నలభై యాభై మిగులుతాయి. వాటిని గోనెసంచుల్లో కట్టి స్టేషన్లో అప్పజెప్పి రసీదు తీసుకోండి.